సక్షన్ డ్రెడ్జర్ పూడికను సరిగా లాగనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

కదులుతూనే సముద్రపు అడుగునున్న పూడికను లాగే నౌక ట్రెయిలింగ్ సక్షన్ హాపర్ డ్రెడ్జర్. దాని పనితీరు చెప్పడానికి తేలికే. నౌక పక్క నుంచి వాలుగా దించిన సక్షన్ పైపు చివర ఉండే డ్రాగ్ హెడ్ సముద్రపు అడుగును గీరుకుంటూ సాగుతుంది. నౌకలోని డ్రెడ్జ్ పంపు ఆ ఇసుకనీటిని లాగి హాపర్‌లో, అంటే నౌకలోని సరుకు గదిలో పోస్తుంది. ఇసుక అడుగుకు దిగుతుంది, పైకి తేరుకున్న నీరు ఓవర్‌ఫ్లో గుండా తిరిగి సముద్రంలో కలుస్తుంది. హాపర్ నిండాక నౌక డంపింగ్ ప్రదేశానికి వెళ్లి అడుగు తలుపులు తెరుస్తుంది, లేదా పైపులైను తగిలించి సరుకును ఒడ్డుకు పంపు చేస్తుంది. ఈ వరసలో లోపం ఎక్కడ తలెత్తినా మొదట కంటపడేది ఒకటే: హాపర్‌లో పడవలసినంత మట్టి పడదు. అందుకే చాలా నౌకల్లో సమస్య రాగానే పంపు వేగం పెంచడమో, పైపును పైకెత్తి డ్రాగ్ హెడ్ విప్పి చూడడమో జరుగుతుంది. మొదటిది తరచూ పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. రెండోది అవసరం లేకపోయినా గంటల పనిని మింగేస్తుంది.

ఏ వాల్వు మీదా చేయి వేయకముందు పంపుకు ముందున్న వాక్యూమ్ గేజినీ, పంపు తరువాత ఉన్న ప్రెషర్ గేజినీ కలిపి చదవాలి. లోపం పంపుకు ఏ వైపున ఉందో ఈ రెండూ కలిసి చెబుతాయి, ఒక్కటిగా ఏదీ చెప్పదు. వాక్యూమ్ పెరిగి ప్రెషర్ పడిపోతే అడ్డంకి సక్షన్ వైపు ఉంది. ప్రెషర్ పెరిగి వాక్యూమ్ తగ్గితే అడ్డంకి డిశ్చార్జి వైపు ఉంది. రెండూ కలిసి పడిపోతే లోపం పంపులోనే ఉంది, లేదా పంపులోకి గాలి చేరుతోంది. ఫ్లో మీటరు, డెన్సిటీ మీటరు ఇచ్చే అంకెలు ఈ నిర్ధారణను బలపరచడానికి ఉపయోగపడతాయి. వాటితోనే నిర్ధారణ మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఆ రెండు మీటర్లూ తప్పు చెప్పే సందర్భాలు గేజిల కన్నా ఎక్కువ.

ఈ పోలికకు ఒక ఆధారం కావాలి. డ్రాగ్ హెడ్‌ను అడుగుకు ఆనించకుండా, దానికి కాస్త పైన నిలిపి, కేవలం సముద్రపు నీటినే పంపు చేస్తూ, ఒక నిర్ణీత ఆర్‌పీఎం దగ్గర వాక్యూమ్, ప్రెషర్, ప్రవాహ వేగం, ఇంజను లోడు, ఆ క్షణంలో నౌక డ్రాఫ్టు (నౌక నీటిలో మునిగిన లోతు) రాసి ఉంచుకోవాలి. కొత్త ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) వేసిన రోజున ఒకసారి, ఆ తరువాత వారానికొకసారి ఈ నీటి పరీక్ష చేసే నౌకలో దిగువ చెప్పిన సమస్యల్లో సగం ముదరకముందే బయటపడతాయి. ఈ రికార్డు లేని నౌకలో ప్రతి నిర్ధారణా ఊహ మీద నడుస్తుంది.

వాక్యూమ్ బాగా ఎక్కువ, ప్రవాహం తక్కువ

అన్నిటికన్నా తరచుగా కనిపించే లక్షణం ఇది, తప్పుగా అర్థమయ్యేదీ ఇదే. వాక్యూమ్ సూది 80 కిలోపాస్కల్ దాటి వణుకుతుంది, పంపు నుంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు శబ్దం వస్తుంది, ప్రెషర్ ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది. ఆ శబ్దం నిజంగా రాళ్లది కావచ్చు, కానీ ఎక్కువసార్లు అది కావిటేషన్: ఇంపెల్లర్ ప్రవేశం దగ్గర ఒత్తిడి నీటి ఆవిరి ఒత్తిడి స్థాయికి పడిపోయి, బుడగలు పుట్టి, లోపలికి వెళ్లాక పగులుతున్నాయి.

కారణాన్ని వెదికే ముందు ఒక లెక్క చూడాలి. పంపు ఎంత శక్తిమంతమైనదైనా సక్షన్ వైపు మిశ్రమాన్ని పైకి నెట్టేది బయటి నీటి ఒత్తిడీ దానిపైన వాతావరణ ఒత్తిడీ మాత్రమే; వాతావరణం ఇచ్చేది సుమారు 101 కిలోపాస్కల్, అందులో ఆచరణలో వాడుకోగలిగేది 80 నుంచి 85 వరకే. తవ్వే లోతు 25 మీటర్లు, పంపు నీటిమట్టానికి 5 మీటర్ల దిగువన, పైపులో వేగం సెకనుకు 5 మీటర్లు, ప్రవేశ నష్టాలూ రాపిడీ అన్నీ కలిసి వేగపు హెడ్‌కు (ఆ వేగాన్ని ఇవ్వడానికి కావలసిన ఒత్తిడికి) 4 రెట్లు అనుకుందాం. మిశ్రమ సాంద్రత ఘనపు మీటరుకు 1,300 కిలోలైతే పంపు దగ్గర కావలసిన వాక్యూమ్ సుమారు 69 కిలోపాస్కల్. పంపు హాయిగా నడుస్తుంది. అదే సాంద్రత 1,400కు చేరితే 93 అవుతుంది. అంటే పంపు కావిటేషన్‌లోకి వెళ్లినట్టే. నడుస్తున్న పంపుకూ ఊపిరాడని పంపుకూ మధ్య ఉన్నది కేవలం 100 కిలోల సాంద్రత. డ్రాగ్ హెడ్ ఒక మెత్తటి ఇసుక దిబ్బలోకి దిగబడితే ఆ తేడా కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది.

కాబట్టి సాంద్రత ఎక్కువగా ఉండి వాక్యూమ్ కూడా ఎక్కువగా ఉంటే అడ్డంకి ఏదీ లేదు. డ్రాగ్ హెడ్ పంపు మోయగలిగిన దానికన్నా ఎక్కువ మట్టి మింగుతోంది, అంతే. డ్రాగ్ హెడ్ గ్యాంట్రీ వించితో తలను కొద్దిగా ఎత్తాలి, లేదా డ్రాగ్ హెడ్ మీది నీటి వాల్వు తెరిచి లోపలికి అదనపు నీరు రానివ్వాలి, నౌక వేగాన్ని కొంచెం పెంచి పొర మందం తగ్గించాలి. ఈ సమయంలో పంపు ఆర్‌పీఎం పెంచడం సరైన చర్యకు పూర్తి వ్యతిరేకం: వేగం పెరిగితే నష్టాలు దాని వర్గం మేరకు పెరుగుతాయి, వాక్యూమ్ ఇంకా లోతుకు పోతుంది. ఆర్‌పీఎం తగ్గించడమే పంపుకు ఊపిరినిస్తుంది.

సాంద్రత తక్కువగా ఉండి వాక్యూమ్ మాత్రం ఎక్కువగా ఉంటే అది నిజమైన అడ్డంకి. డ్రాగ్ హెడ్ లోపలి జాలీకి తాడు ముక్కలు, వలలు, టైర్లు, దుంగలు చిక్కుకొని ఉంటాయి, లేదా బంకమట్టి గడ్డలు వైజర్ (డ్రాగ్ హెడ్‌లో కీలు మీద తిరిగే వెనుక భాగం) కింద అతుక్కుని నోరు మూసేసి ఉంటాయి. తలను అడుగు నుంచి పూర్తిగా ఎత్తి, నీటిలోనే ఉంచి చూడాలి. వాక్యూమ్ వెంటనే నీటి పరీక్షలో రాసుకున్న అంకెకు దిగితే అడ్డంకి వదులుగా ఉండి రాలిపోయిందని అర్థం. దిగకపోతే పంపును ఆపి, పైపులోని నీటి స్తంభాన్ని వెనక్కి పడనివ్వాలి. చాలా చెత్త ఆ ఎదురు ప్రవాహానికే ఊడిపోతుంది. అప్పటికీ వదలకపోతేనే పైపును డెక్ మీదికి తేవాలి. బంకమట్టి నేలలో ఇది మళ్లీమళ్లీ జరుగుతుంటే జాలీ కళ్లను పెద్దవి చేయడం, జెట్ నాజిళ్ల ఒత్తిడి పెంచడం, పళ్ల అమరిక మార్చడం వంటి మార్పులు ఆలోచించాలి. ప్రతి ట్రిప్పులో తలను శుభ్రం చేస్తూ పోవడం పరిష్కారం కాదు.

కొందరిని అయోమయంలో పడేసే మూడో సందర్భం ఒకటుంది. లోడింగ్ మొదలైన తొలి నిమిషాల్లో వాక్యూమ్ ఎక్కువగా ఉండి, హాపర్ నిండే కొద్దీ దానంతటదే తగ్గుతుంది. ఇందులో లోపమేమీ లేదు. ఖాళీ నౌక పైకి తేలి ఉంటుంది కాబట్టి పంపు కూడా నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది. పై ఉదాహరణలో పంపు ఒక్క మీటరు పైన ఉన్నా అదే 1,300 సాంద్రతకు 69 బదులు సుమారు 81 కిలోపాస్కల్ కావాలి. అందుకే తొలి దశలో తక్కువ సాంద్రతతో మొదలుపెట్టి, నౌక దిగే కొద్దీ పెంచుతూ పోవాలి. పంపును నౌకలో వీలైనంత కిందుగా అమర్చడానికీ, లోతైన పనులకు పంపును ఏకంగా సక్షన్ పైపు మధ్యనే, నీటి అడుగున పెట్టడానికీ కారణం ఇదే. అదే ఉదాహరణలో పంపును 15 మీటర్ల లోతున పెడితే దాని ప్రవేశం దగ్గర వాక్యూమ్ అన్నదే ఉండదు, ఒత్తిడి వాతావరణం కన్నా పైనే ఉంటుంది. వాక్యూమ్ పరిమితి రోజూ తగులుతున్న నౌకను ఎక్కువ లోతు పనికి పంపుతున్నప్పుడు ఆపరేటర్ నైపుణ్యంతో ఆ లోటు పూడదని యాజమాన్యానికి ముందే చెప్పడం మంచిది.

వాక్యూమ్ తక్కువ, సాంద్రత తక్కువ, ప్రవాహం మాత్రం బాగుంది

పంపు దాదాపు స్వచ్ఛమైన నీటినే లాగుతోంది. తల నేలను తాకడం లేదు, లేదా తాకుతున్నా గీరడం లేదు, లేదా దారిలో ఎక్కడో నీరు కలుస్తోంది.

ముందు స్వెల్ కాంపెన్సేటర్‌ను చూడాలి. అలలకు నౌక లేచి దిగుతున్నా తల అడుగునే ఉండేలా, తల బరువులో ఒక భాగాన్ని మాత్రమే తీగ మీద నిలిపేది అదే. దాని ఎక్యుములేటరులో (ఒత్తిడితో గ్యాస్ నింపిన సిలిండరులో) గ్యాస్ ఒత్తిడి ఎక్కువైతే తీగ తల బరువును మరీ ఎక్కువగా మోస్తుంది, తల గెంతుకుంటూ పోతుంది. ఒత్తిడి తక్కువైతే తల మరీ బరువుగా నేలలోకి కూరుకుంటుంది. పిస్టన్ తన దారి మధ్యలో ఆడుతూ ఉంటే అమరిక సరిగా ఉన్నట్టు. ఎప్పుడూ ఒక చివరకే ఆని ఉంటే తీగ పొడవో, ఒత్తిడో సరిచేయాలి. మెత్తటి ఒండ్రులో తలకు తక్కువ బరువు, గట్టిపడిన ఇసుకలో ఎక్కువ బరువు కావాలి. నేల మారినా ఒత్తిడి మార్చకపోవడం సర్వసాధారణమైన పొరపాటు.

వైజర్ కోణం తరువాతి అనుమానం. లోతు మారితే పైపు వాలు మారుతుంది, దానితో పాటు తల కోణమూ మారుతుంది. వైజర్ ఆ మార్పుకు తగ్గట్టు తిరగకపోతే వెనుక అంచు లేచి, ఆ సందులోంచి నీరు సులువుగా దూరుతుంది. నౌక వేగం కూడా గమనించాలి. సాధారణంగా 2 నుంచి 3 నాట్ల మధ్య నడుపుతారు. ఎదురు ప్రవాహంలో నీటి మీద వేగం చూసి నేల మీద వేగం మరచిపోతే తల నిజంగా ఎంత కదులుతోందో తెలియదు.

నేల గట్టిపడి ఉంటే తల సరిగా ఆనినా ఇసుక లేవదు. బిగుసుకున్న సన్నటి ఇసుకను విడగొట్టాలంటే దాని రేణువుల మధ్యలోకి నీరు చేరాలి. అది నిదానంగా జరిగే పని, అందుకే జెట్ నీరు అవసరం. జెట్ పంపు ఒత్తిడి సరిగా ఉండి, దాని ప్రవాహం మాత్రం మామూలు కన్నా తక్కువగా ఉంటే నాజిళ్లు మూసుకుపోయాయి. ఒత్తిడి తక్కువ, ప్రవాహం ఎక్కువ అయితే నాజిల్ ఊడిపోయింది లేదా జెట్ పైపు పగిలింది.

ఇవేవీ కాకపోతే సక్షన్ పైపులో చిల్లు వెదకాలి. ఇక్కడొక తేడాను గట్టిగా గుర్తుంచుకోవాలి: నౌక బయట, నీటి అడుగున ఉన్న పైపుకు చిల్లు పడితే లోపలికి వచ్చేది నీరే, గాలి కాదు. రబ్బరు హోస్ చిరిగినా, నౌక పక్కన పైపు కూర్చునే చోట సీలు సరిగా అతకకపోయినా పంపు నిశ్శబ్దంగా, వణుకు లేకుండా నడుస్తూనే ఉంటుంది, సాంద్రత మాత్రం ఎంతకీ పెరగదు. పంపు బాగా వినిపిస్తోంది కాబట్టి పైపు బాగుందనుకోవడం ఈ చిల్లును వారాల తరబడి దాచిపెడుతుంది. పైపును డెక్ మీదికి తెచ్చినప్పుడు రబ్బరు హోస్ లోపలి పొరను టార్చిలైటు వేసి చూడాలి. బయటి పొర నున్నగా ఉండగానే లోపలి పొర అరిగి, బలం కోసం వేసిన తీగలు బయటపడి ఉండడం అరుదేమీ కాదు.

వాక్యూమ్, ప్రెషర్ రెండూ పడి ఊగిసలాడుతున్నాయి

పంపులోకి గాలి గాని వాయువు గాని చేరుతోంది. సెంట్రిఫ్యూగల్ పంపు గాలిని నెట్టలేదు. గాలి ఇంపెల్లర్ మధ్యలో పోగై, చివరకు ప్రవాహాన్నే ఆపేస్తుంది.

నౌక లోపలి సక్షన్ పైపు పొడిగా ఉండే పంపుగదిలో ఉంటుంది కాబట్టి అక్కడి చిల్లు గాలినే లాగుతుంది. తనిఖీ మూత గాస్కెట్, ఫ్లాంజి బోల్టులు, డ్రెయిన్ వాల్వు, గ్లాండ్ (పంపు షాఫ్ట్ చుట్టూ ఉండే సీలు) అనుమానించవలసిన చోట్లు. పంపు నడుస్తుండగా జోడింపుల మీద సబ్బునీరు పూస్తే అది లోపలికి పీల్చుకుపోవడం కంటికి కనిపిస్తుంది. బోల్టు బిగించి ఊరుకోకుండా, పంపు ఆగాక గాస్కెట్‌ను మార్చాలి.

రేవుల లోపల ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రును తవ్వేటప్పుడు మాత్రం ఎక్కడా చిల్లు లేకుండానే ఇదే లక్షణం వస్తుంది. కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి పుట్టిన మీథేన్ ఆ ఒండ్రులో చిక్కుకొని ఉంటుంది. పైపులో పైకి వచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గి ఆ వాయువు ఉబ్బుతుంది. ఆ చోటు నుంచి పక్కకు జరిగినప్పుడు లక్షణం మాయమై, మళ్లీ అక్కడికే వచ్చినప్పుడు తిరిగి కనిపిస్తే, అది నేలలోని వాయువే. ఆర్‌పీఎం తగ్గించి వాక్యూమ్‌ను తక్కువగా ఉంచాలి. డీగ్యాసింగ్ ఏర్పాటు ఉన్న నౌకలో దాని వాక్యూమ్ పంపు పనిచేస్తోందో, వాయువు వేరుపడే గది బురదతో నిండిపోయిందో చూడాలి. ఆ వాయువు మండే స్వభావం గలది కాబట్టి దాన్ని బయటికి వదిలే గొట్టం చివర ఎక్కడుందో, చుట్టుపక్కల వెల్డింగు జరుగుతోందో తెలుసుకోకుండా పని సాగించకూడదు.

ఊగిసలాట లేకుండా రెండు గేజిలూ నిలకడగా తక్కువ చూపిస్తూ, పంపు మాత్రం అదురుతుంటే ఇంపెల్లర్ రెక్కల మధ్య ఏదో ఇరుక్కుంది. తనిఖీ మూత తెరవాలి. ఈ మూత నీటిమట్టానికి దిగువన ఉంటుందనే సంగతి పనిలోకి దిగే ప్రతి ఒక్కరికీ ప్రతిసారీ చెప్పాలి. సక్షన్ గేటు వాల్వు, డిశ్చార్జి గేటు వాల్వు రెండూ మూసి, వాటి హైడ్రాలిక్‌కు తాళం వేసి, ఇంజను క్లచ్ కదలకుండా చేసి, డ్రెయిన్ తెరిచి నీరు ఆగిపోవడం కంటితో చూశాకే మొదటి బోల్టు వదులు చేయాలి. గేటు సందులో ఇరుక్కున్న ఒక్క రాయి చాలు, ప్యానెల్ మీద మూసి ఉన్నట్టు కనిపించే వాల్వు నిజానికి తెరిచి ఉండడానికి.

ప్రెషర్ పెరిగింది, వాక్యూమ్ పడిపోయింది

ఇది ఒడ్డుకు పంపు చేస్తున్నప్పుడు వచ్చే సమస్య. పైపులైనులో వేగం ఒక హద్దు దాటి తగ్గితే ఇసుక అడుగున నిలిచి మేట వేస్తుంది. దారి సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేగం మరింత పడిపోతుంది, చివరకు లైను బిగుసుకుపోతుంది. ఆ హద్దు వేగం ఇసుక ముతకదనంతో పెరుగుతుంది, పైపు వ్యాసపు వర్గమూలంతో కూడా పెరుగుతుంది. అందువల్ల నిరోధం తగ్గుతుందని పెద్ద పైపు వేసి, అదే పంపుతో అదే ప్రవాహం నడపబోతే లైను మునుపటికన్నా త్వరగా మూసుకుపోతుంది.

ప్రెషర్ మెల్లగా లేస్తూ ప్రవాహం జారుతుండగానే గుర్తిస్తే మందు సులభం: హాపర్ నుంచి ఇసుక తీయడం ఆపి నీటికి మారాలి, పంపు వేగాన్ని నిలపాలి, ప్రెషర్ దిగేదాకా ఆగాలి. పూర్తిగా మూసుకుపోయిన లైనును ఒక్కసారిగా ఒత్తిడి పెంచి ఛేదించాలనుకోవడం ప్రమాదకరం. లైను వెంట నడుస్తూ పైపును తట్టి చూస్తే బిగుసుకున్న చోట శబ్దం మొద్దుగా మారుతుంది. పంపును ఆపి, ఆ భాగంలో చిక్కిన ఒత్తిడిని వదిలాక, దానికి ముందున్న జోడింపు విప్పి శుభ్రం చేయాలి. తేలియాడే లైనులో మునిగినట్టుగా కుంగిన పాంటూన్ (పైపును నీటి మీద తేల్చే డబ్బా) ఉంటే అనుమానం ముందు అక్కడే.

పని ఆపే ముందు లైనును నీటితో కడగడం అన్నిటికన్నా చవకైన రక్షణ. 2 కిలోమీటర్ల లైనులో సెకనుకు 5 మీటర్ల వేగంతో చివరి ఇసుక బయటపడటానికి 400 సెకన్లు, అంటే 7 నిమిషాల లోపే పడుతుంది. ఆ 7 నిమిషాలు ఆదా చేయబోయి ఒక రోజంతా పైపులు విప్పడం ఎవరికీ లాభం కాదు.

వాల్వులు నిదానంగా మూయాలి. మిశ్రమ సాంద్రత 1,300 కిలోలు, పైపులో ఒత్తిడి తరంగం వేగం సెకనుకు 1,000 మీటర్లు అనుకుంటే, ప్రవాహ వేగం హఠాత్తుగా ఒక్క మీటరు తగ్గినా 13 బార్ల అదనపు ఒత్తిడి పుడుతుంది. పగిలిన మోచేతి పైపులూ, చీలిన రబ్బరు హోసులూ చాలావరకు ఇలాంటి హడావుడి ఫలితాలే.

నెలల తరబడి పంపు బలహీనపడుతోంది

ఒక్క రోజులో ఏమీ తెలియదు. నీటి పరీక్ష రికార్డే దీన్ని పట్టిస్తుంది. అదే ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్ తగ్గుతూ వస్తే ఇంపెల్లర్ చివరలు అరిగాయి, లేదా ఇంపెల్లర్‌కూ వేర్ ప్లేటుకూ (దాని పక్కన అరుగుదలను తట్టుకోవడానికి వేసే పలకకూ) మధ్య సందు పెరిగి నీరు తిరిగి సక్షన్‌లోకి జారుతోంది. పోల్చేటప్పుడు ఆర్‌పీఎం ఒకటేనని నిర్ధారించుకోవాలి; ప్రెషర్ ఆర్‌పీఎం వర్గంతో మారుతుంది కాబట్టి వేగం 5 శాతం తగ్గినా ప్రెషర్ సుమారు 10 శాతం తగ్గుతుంది, దాన్ని అరుగుదలగా పొరబడే అవకాశం ఉంది. సందును కొలిచి, తయారీదారు ఇచ్చిన హద్దు దాటితే వేర్ ప్లేటు మార్చాలి. అరుగుదలను తట్టుకునే ఎక్కువ క్రోమియం గల పోత ఇనుముతో చేసిన భాగాలను మామూలు వెల్డింగుతో పూడ్చబోతే పగుళ్లు వస్తాయి; అవి నడుస్తుండగా విరిగితే నష్టం ఇంపెల్లర్‌తో ఆగదు.

గ్లాండ్ వేడెక్కడం, అక్కడి నుంచి బూడిదరంగు నీరు కారడం వేరే కథ. గ్లాండ్‌కు ఇచ్చే శుభ్రమైన నీటి ఒత్తిడి పంపు లోపలి ఒత్తిడి కన్నా కనీసం ఒక బారు ఎక్కువగా ఉండాలి; తగ్గితే ఇసుక ప్యాకింగులోకి చొరబడి షాఫ్ట్ స్లీవును చెక్కేస్తుంది. గ్లాండ్ పంపు ఫిల్టరు మూసుకుపోవడమే దీనికి సర్వసాధారణ కారణం. కారుతోందని ప్యాకింగును బిగిస్తూ పోతే అది కాలిపోతుంది. కొంచెం కారడం చల్లబరచడానికి అవసరమే. డ్రెడ్జ్ పంపు కన్నా ముందు గ్లాండ్ నీరు మొదలవ్వాలి, డ్రెడ్జ్ పంపు ఆగాకే అది ఆగాలి.

సాంద్రత అంకె బాగుంది, హాపర్‌లో సరుకు లేదు

ఇలాంటప్పుడు మీటరును అనుమానించాలి. రేడియోధార్మిక డెన్సిటీ మీటరు పైపుకు ఒక వైపు నుంచి గామా కిరణాలను పంపి, రెండో వైపు ఎన్ని చేరాయో లెక్కిస్తుంది. తక్కువ చేరితే సాంద్రత ఎక్కువని అర్థం చేసుకుంటుంది. కాబట్టి ఆ కిరణాలనిచ్చే రేడియోధార్మిక మూలం బలం తగ్గితే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ సాంద్రత చూపిస్తుంది. సీసియం-137 అర్ధజీవితం సుమారు 30 ఏళ్లు, ఏడాదికి సుమారు 2.3 శాతం తగ్గుతుంది. కోబాల్ట్-60 అర్ధజీవితం 5.27 ఏళ్లే, ఏడాదికి 12 శాతానికి పైగా పోతుంది. కోబాల్ట్ వాడే మీటరులో ఈ సవరణ మరచిపోతే తేడా చాలా త్వరగా పెరుగుతుంది. దీనికి ఎదురుగా, పైపు గోడ లోపల అరిగి పలచబడితే ఎక్కువ కిరణాలు చేరతాయి, మీటరు తక్కువ చూపిస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొంతకాలం కప్పిపుచ్చగలవు.

పరిష్కారం ఒకటే: పైపులో కేవలం సముద్రపు నీరు పారుతుండగా మీటరు సుమారు 1,025 చూపించేలా తిరిగి సరిచేయాలి. మీటరు దగ్గర పైపు విప్పే ముందు మూలం షట్టరు మూసి తాళం వేయడం, ఆ పనిని రేడియేషన్ భద్రతలో అధికారం ఉన్న వ్యక్తి మాత్రమే చేయడం తప్పనిసరి.

మీటర్లు సరిగానే ఉన్నా, లోడు లెక్క తప్పవచ్చు. హాపర్ సరుకును నౌక డ్రాఫ్టు నుంచి లెక్కిస్తారు. డ్రాఫ్టు సెన్సరు రంధ్రం బురదతోనో, గవ్వలతోనో మూసుకుపోతే అంకె కదలకుండా నిలిచిపోతుంది. నీటిమట్టం దగ్గర 1,700 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న నౌకలో 5 సెంటీమీటర్ల పొరపాటు అంటే 87 టన్నుల బరువు. హాపర్‌లో ఇసుక నీటిని తొలగించి ఆ చోటు తీసుకుంటుంది కాబట్టి, పొడి ఇసుక లెక్కలోకి మారిస్తే అది దాదాపు 140 టన్నులు. వారానికొకసారి సెన్సరు గొట్టంలోకి గాలి ఊది శుభ్రం చేయడం, నౌక మీద గీసిన డ్రాఫ్టు గుర్తులను కంటితో చదివి పోల్చడం చాలు.

మట్టి వస్తోంది, కానీ హాపర్ నిండటం లేదు

ఓవర్‌ఫ్లో నుంచి వెళ్తున్న నీటిని బకెట్టుతో పట్టి కాసేపు నిలవనిస్తే అడుగున ఇసుక పేరుకుంటుంది. పంపు చేసినదంతా తిరిగి సముద్రంలోకే పోతోంది. సన్నటి ఇసుక ఉన్న చోట్ల చాలామంది దీన్ని తప్పించుకోలేనిదిగా వదిలేస్తారు. లెక్క చూస్తే కొంత తప్పించుకోవచ్చునని తెలుస్తుంది.

60 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న హాపర్‌లోకి రెండు పైపులు కలిసి సెకనుకు 5 ఘనపు మీటర్లు పోస్తున్నాయనుకుందాం. ఆ ప్రవాహాన్ని 900 చదరపు మీటర్ల వైశాల్యంతో భాగిస్తే సెకనుకు 5.6 మిల్లీమీటర్లు వస్తుంది. దానికన్నా నిదానంగా దిగే రేణువు హాపర్‌లో నిలవదు. 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు నిశ్చలమైన నీటిలో ఒంటరిగా సెకనుకు 7 నుంచి 8 మిల్లీమీటర్లు దిగుతుంది, కాబట్టి నిలవాలి అనిపిస్తుంది. కానీ చిక్కటి మిశ్రమంలో రేణువులు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. పరిమాణంలో 20 శాతం ఘనపదార్థం ఉన్న చోట ఆ వేగం సగం కన్నా తగ్గి సుమారు 3 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఇసుక నిలవకపోవడానికి కారణం అదే. ఒక పైపుతోనే నింపితే ఆ 5.6 అంకె సెకనుకు 2.8 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, ఇసుక చాలావరకు నిలుస్తుంది. పోసే పెట్టెల దగ్గర కల్లోలం తగ్గించడం, ఓవర్‌ఫ్లోకు దూరపు చివర పోయడం, లోడింగ్ చివరి దశలో ప్రవాహం తగ్గించడం కూడా మేలు చేస్తాయి. ఒండ్రు అయితే ఓవర్‌ఫ్లో చేయడం వల్ల వచ్చేది దాదాపు శూన్యం; నీటిని మురికి చేయడం తప్ప. హాపర్ నిండగానే ఆపి వెళ్లడం మంచిది. ఇసుకలో కూడా ఓవర్‌ఫ్లో గొట్టంలో గాలి కలవకుండా పర్యావరణ వాల్వు సరిగా పనిచేసేలా చూడాలి, ఎందుకంటే గాలి బుడగలు సన్నటి మట్టిని నీటి పైభాగంలోనే తేలుస్తాయి, ఆ మురికి చాలా దూరం వ్యాపిస్తుంది.

ఎప్పుడు ఆపాలన్నది అనుభవానికి వదిలేయకూడదు. కాలం మీద లోడు గీత గీసి, ప్రయాణం, డంపింగ్‌లకు పట్టే సమయాన్ని సున్నాకు ఎడమ వైపు గుర్తించి, అక్కడి నుంచి ఆ గీతను తాకే సరళరేఖ గీస్తే, అది తాకిన చోటే లోడింగ్ ఆపవలసిన క్షణం. డంపింగ్ ప్రదేశం దూరమైతే ఎక్కువసేపు నింపడం, దగ్గరైతే త్వరగా ఆపడం ఎందుకు సరైనదో ఆ గీత చూపిస్తుంది.

తలుపులు తెరిచినా నౌక తేలడం లేదు

సన్నటి ఇసుక ప్రయాణంలో బిగుసుకొని, తలుపుల మీద వంతెనలా నిలబడిపోతుంది. హాపర్ లోపలి జెట్ నీటిని తలుపుల దగ్గర నుంచి మొదలుపెట్టి పైకి వదిలితే అది కూలుతుంది. కొన్ని తలుపులే తెరుచుకున్నాయని అనిపిస్తే హైడ్రాలిక్ ఒత్తిడి, సూచిక స్విచ్‌లు, రాడ్డు వంపు వరసగా చూడాలి. ఒక వైపు సరుకు పోయి మరో వైపు నిలిచి నౌక ఒరగడం మొదలైతే ఖాళీ అయిన వైపు తలుపులను వెంటనే మూసి, నిండుగా ఉన్న వైపు మాత్రమే జెట్లు పెట్టాలి. ఒరుగుడు తగ్గాకే మిగతా పని.

కిందికి తెరుచుకునే తలుపులు కీలు కన్నా దిగువకు వస్తాయి. నిండు నౌక తక్కువ లోతులో ఉన్నప్పుడు తెరిస్తే అవి నేలకు తగిలి వంగుతాయి, ఆ తరువాత పూర్తిగా మూసుకోవు. అలా సరిగా మూసుకోని తలుపును పట్టే లక్షణం తరువాతి ట్రిప్పులో కనిపిస్తుంది: హాపర్‌లో మిగిలిన నీటిని ఎంత తోడినా మట్టం బయటి సముద్రానికే సమంగా నిలుస్తుంది. సీలు మధ్య చిక్కుకున్న రాయి అయితే తలుపును రెండు మూడుసార్లు తెరిచి మూస్తే కొట్టుకుపోతుంది. వంగిన తలుపైతే డ్రై డాక్ దాకా ఆగక తప్పదు, అప్పటివరకు ప్రతి లోడూ ఆ నీటి బరువుతోనే మొదలవుతుంది.